పార్కింగ్ లైట్లు వేస్తే మీటర్ బోర్డులో బ్లూ లైటు, బోర్డు మాత్రం చీకటి

పాతబండి

కార్బ్యురేటర్ కారు, కేబుల్ స్పీడోమీటరు, 12 వోల్ట్, మైనస్ ఎర్త్. బోర్డు వెలుతురుకి లోపల 3 వాట్ల బల్బులు ఐదు ఉన్నాయి.

పార్కింగ్ లైట్లు వేస్తే కుడివైపు మూడు బల్బులు మిణుగురుల్లా వెలుగుతున్నాయి, ఎడమవైపు రెండూ అసలు రావట్లేదు. హెడ్‌లైట్ వెయ్యకుండానే హై బీమ్ బ్లూ లైటు సన్నగా వెలుగుతోంది. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా లైట్లు వేస్తే పెట్రోలు ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ మెల్లగా పైకి జరుగుతున్నాయి, ఆపితే మళ్లీ దిగుతున్నాయి. ఇంకో వింత: లైట్లన్నీ ఆఫ్‌లో ఉన్నా బ్రేకు తొక్కితే బోర్డు వెలుగుతోంది.

ఐదు బల్బులూ కొత్తవే. ఫ్యూజు బాగుంది. డిమ్మర్ (బోర్డు వెలుతురు పెంచి తగ్గించే నాబ్) మార్చేయాలా?

ఎర్త్‌వైరు

డిమ్మర్ కొనకండి, అప్పుడే వద్దు. మీరు చెప్పిన వాటిలో మొదటి రెండు, ముల్లుల సంగతి, మూడూ ఒకే జబ్బు: మీటర్ బోర్డు ఎర్త్, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్లే దారి, సరిగ్గా లేదు.

బ్లూ లైటు ఎందుకు వస్తుందో చూడండి. బోర్డులోని వెలుతురు బల్బులకీ హై బీమ్ బల్బుకీ ఎర్త్ ట్రాక్ (బోర్డు వెనక షీటు మీది రాగి దారి) ఒకటే. ఆ ఎర్త్ బాడీకి సరిగ్గా తగలనప్పుడు వెలుతురు బల్బుల గుండా వచ్చిన కరెంటు ఇంకో దారి వెతుక్కుంటుంది. హై బీమ్ బల్బులోంచి వెనక్కి దూరి, హై బీమ్ వైరు పట్టుకుని, హెడ్‌లైట్ ఫిలమెంట్ గుండా బాడీకి చేరుతుంది. చల్లగా ఉన్న హెడ్‌లైట్ ఫిలమెంట్ ఒక ఓమ్ కూడా ఉండదు, కాబట్టి ఆ దారికి అడ్డేమీ లేదు. అందుకే స్విచ్ వెయ్యకుండా బ్లూ లైటు.

ముల్లుల వెనక ఉండే వోల్టేజ్ స్టెబిలైజర్‌కి కూడా అదే ఎర్త్. లోపల వేడెక్కి వంగే పట్టీ ఉంటుంది, అది వేడెక్కే కాయిల్ ఎర్త్ మీదే ఆధారం. ఎర్త్ పైకి లేస్తే పట్టీ ఆలస్యంగా తెగుతుంది, గేజ్‌లకి ఎక్కువ వోల్టేజ్ పోతుంది. రెండు ముల్లులూ కలిసి పైకి లేస్తే ట్యాంకులో ఫ్లోట్‌నీ ఇంజన్ సెన్సర్‌నీ ముట్టుకోనక్కర్లేదు, రెండూ ఒకేసారి పాడవ్వవు.

బ్రేకు సంగతి వేరు. దాన్ని తర్వాత చూద్దాం.

షార్ట్‌కట్

ఇంత అవసరమా? 3 వాట్ల బదులు 5 వాట్ల బల్బులు వేస్తే వెలుతురు వచ్చేస్తుంది కదా.

టంకంమాస్టారు

రాదు. వస్తే ఇంకా ప్రమాదం. దారిలో రెసిస్టెన్స్ ఉన్నప్పుడు పెద్ద బల్బు ఎక్కువ కరెంటు లాగుతుంది, దారిలోనే ఎక్కువ వోల్టేజ్ పోతుంది, బల్బుకి మిగిలేది ఇంకా తగ్గుతుంది. ఎవరైనా తర్వాత ఎర్త్ బాగుచేశారనుకోండి, అప్పుడు ఆ 5 వాట్ల వేడికి ప్లాస్టిక్ హోల్డరు మెత్తబడుతుంది, వెనక ప్రింటెడ్ షీటు పొంగుతుంది, డయల్ మీద గోధుమ రంగు మచ్చ పడుతుంది. హోల్డరు మీద ఎన్ని వాట్లు రాసి ఉంటే అన్నే.

ఫిలమెంట్ బల్బు వెలుతురు వోల్టేజ్‌తో నేరుగా పెరగదు, సుమారు 3.4 ఘాతంతో పెరుగుతుంది. పదిశాతం వోల్టేజ్ తగ్గితే ముప్పై శాతం వెలుతురు పోతుంది. సగం వోల్టేజ్ వస్తే పదో వంతు కూడా మిగలదు. కాబట్టి మసకగా ఉంది అంటే బల్బు పాతదని కాదు, ఎక్కడో వోల్టులు తింటున్నారని.

ఎర్త్‌వైరు

పాతబండి గారూ, కొలతలు తీద్దాం. మల్టీమీటరు 20 వోల్ట్ డీసీలో పెట్టండి. ఇగ్నిషన్ ఆఫ్, పార్కింగ్ లైట్లు ఆన్, డిమ్మర్ పూర్తి వెలుతురు వైపు తిప్పి ఉంచండి. నల్ల తీగని బ్యాటరీ మైనస్ పోల్ మీదే పెట్టండి, బాడీ మీద కాదు. ఎర్ర తీగతో వరసగా బ్యాటరీ ప్లస్, ఫ్యూజు అవతలి వైపు, డిమ్మర్ నుంచి బయటికొచ్చే వైరు, బోర్డు కనెక్టర్‌లో వెలుతురు పిన్, చివరగా బోర్డు ఎర్త్ పిన్. కనెక్టర్ తగిలించే ఉండాలి, వైర్లు వచ్చే వెనక వైపునుంచి సన్నటి సూది దూర్చి చదవండి. కనెక్టర్ ఊడదీసి చదివితే కరెంటే పారదు, అంతా 12 వోల్ట్ చూపించి మిమ్మల్ని మోసం చేస్తుంది. మల్టీమీటరుకి లోపల 10 మెగా ఓమ్‌లు ఉంటాయి, ఒక్క పోగు మిగిలిన వైరు కూడా దానికి మంచి వైరే.

వైరు రంగుల విషయంలో జాగ్రత్త. జర్మన్ కార్లలో బ్రౌన్ అంటే ఎర్త్. లూకాస్ వైరింగ్ ఉన్న బ్రిటిష్ కార్లలో నలుపు ఎర్త్, బ్రౌన్ అంటే ఫ్యూజు కూడా లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే ప్లస్. ఒకదాని అలవాటుతో ఇంకోదాన్ని బాడీకి తగిలిస్తే మంటలే. జర్మన్ వైరింగ్ బొమ్మలో 31 అంటే ఎర్త్, 58 పార్కింగ్, 58డి డిమ్మర్ దాటిన వెలుతురు లైను. లూకాస్‌లో ఎరుపు మీద తెలుపు గీత ఉంటే బోర్డు వెలుతురు.

రాగితీగ

బోర్డు బయటికి లాగే ముందు బ్యాటరీ మైనస్ ఊడదీయండి, కొలతలకి మళ్లీ తగిలించుకోవచ్చు. స్పీడోమీటరు కేబుల్ మొదట వదులు చేయాలి. కొన్నిట్లో ప్లాస్టిక్ నొక్కు క్లిప్పు, కొన్నిట్లో తిప్పే నట్టు. చెయ్యి అందకపోతే ఇంజన్ వైపు ఫైర్‌వాల్ దగ్గర కేబుల్‌ని కాస్త లోపలికి తోస్తే బోర్డు నాలుగు వేళ్లు ముందుకొస్తుంది. పాత ప్లాస్టిక్ చలికి పటపటా విరుగుతుంది, బండి ఎండలో కాసేపు ఉన్నాక చేయండి. స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి అయితే ఆ పసుపు కనెక్టర్ల జోలికి టెస్ట్ ల్యాంప్ గానీ మల్టీమీటరు గానీ తీసుకెళ్లకండి.

పాతబండి

కొలతలు:

బ్యాటరీ 12.3
ఫ్యూజు అవతల 12.0
డిమ్మర్ బయట 11.6
బోర్డు వెలుతురు పిన్ 11.5
బోర్డు ఎర్త్ పిన్ 4.9

ఎర్త్ పిన్‌లో 4.9 అంటే అక్కడ సున్నా ఉండాలి కదా?

ఎర్త్‌వైరు

ఉండాలి. 0.1 లోపు బాగున్నట్టు, 0.3 దాటితే బాగుచేయాల్సిందే. మీ బల్బులకి 11.5 లోంచి 4.9 తీసేస్తే 6.6 వోల్టులే అందుతున్నాయి. పైన మాస్టారు చెప్పిన లెక్కన అసలు వెలుతురులో ఎనిమిదో వంతు. వెలుగుతున్న మూడు బల్బులకి ఆ వోల్టేజ్‌లో సుమారు అర ఆంపియర్ పారుతుంది, అంటే ఎర్త్ దారిలో 9 ఓమ్‌ల దాకా అడ్డం ఉంది. తెగిపోలేదు, చిలుము పట్టింది.

నిర్ధారణకి చిన్న పరీక్ష: లైట్లు వెలుగుతుండగా బ్యాటరీ మైనస్ నుంచి ఒక పొడవాటి వైరు తెచ్చి ఎర్త్ పిన్‌కి ఆనించండి. మూడు బల్బులు ఒక్కసారిగా తెల్లబడి, బ్లూ లైటు ఆరిపోవాలి.

తర్వాత బోర్డు నుంచి ఎర్త్ వైరు ఎక్కడికి పోతోందో పట్టుకోండి. సాధారణంగా డ్యాష్ కింద ఒకే స్క్రూ మీద నాలుగైదు రింగు టెర్మినళ్లు ఉంటాయి, వైపర్, హీటర్ ఫ్యాన్, హారన్ అన్నీ అక్కడే. స్క్రూ ఊడదీసి కింద రేకుని గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి. రింగుల్ని కూడా రెండు వైపులా. వైరు రింగులోకి దూరే చోట లాగి చూడండి, పైన తొడుగు బాగానే ఉండి లోపల పోగులు పచ్చగా పొడైపోయి ఉంటాయి. అలా ఉంటే నల్లబడిన భాగం కోసేసి కొత్త రింగు నొక్కాలి. పళ్ల వాషర్ పెట్టి బిగించాక పైన వ్యాజలైన్ రాయండి, బిగించకముందు కాదు. రంగు వేసిన రేకు మీద స్క్రూ ఎంత బిగించినా లాభం లేదు.

మీటర్‌డాక్టర్

ఇక్కడ డిమ్మర్ గురించి ఒక మాట. 11.6 చూసి డిమ్మర్ బాగుందని వదిలేయకండి. అర ఆంపియర్‌కే అది 0.4 వోల్ట్ తింటోంది. ఎర్త్ బాగై, ఐదు బల్బులూ వెలిగితే కరెంటు రెట్టింపు పైనే అవుతుంది, అప్పుడు అది 0.9 తింటుంది. ఎర్త్ అయ్యాక మళ్లీ కొలవండి.

రాగితీగ

బ్రేకు తొక్కితే బోర్డు వెలగడం వెనక లైటు ఎర్త్ పోవడం వల్ల. 21/5 బల్బులో (బ్రేకుకి 21 వాట్లు, పార్కింగ్‌కి 5 వాట్లు) రెండు ఫిలమెంట్లకీ ఎర్త్ ఒకటే. ఎర్త్ లేకపోతే బ్రేకు కరెంటు 21 ఫిలమెంట్ దాటి, 5 ఫిలమెంట్ గుండా పార్కింగ్ లైనులోకి ఎక్కుతుంది, అక్కణ్నుంచి బోర్డుకి.

మీటర్‌డాక్టర్

దారి నిజమే, కానీ లెక్క కుదరదు. 5 వాట్ల ఫిలమెంట్ గుండా ఎంత దాటుతుంది? మహా అయితే 0.4 ఆంపియర్. అది పార్కింగ్ లైనులో ఉన్న ముందు రెండు బల్బులు, నంబర్ ప్లేటు బల్బు, రెండో వెనక బల్బు, బోర్డు బల్బులు అన్నీ పంచుకోవాలి. అవన్నీ చల్లగా ఉన్నప్పుడు కలిపి ఒక ఓమ్ చుట్టుపక్కలే. అంటే ఆ లైను మీద అర వోల్ట్ లోపే లేస్తుంది. దాంతో ఏ బల్బూ ఎర్రబడదు. ఎర్త్ పోయిన వెనక లైటు బ్రేకు తొక్కితే మసకబారడం, ఇండికేటర్‌తో పాటు కొట్టుకోవడం లాంటివి చేస్తుంది, బోర్డుని వెలిగించదు.

బోర్డు స్పష్టంగా వెలుగుతోందంటే బ్రేకు లైనూ పార్కింగ్ లైనూ నేరుగా కలిసిపోయాయి. కారణాలు రెండే ఎక్కువ. ఒకటి, రెండు ఫిలమెంట్ల బల్బులో ఒకటి తెగి రెండోదాని మీద పడి అతుక్కోవడం. రెండోది, రెండు కాంటాక్టులున్న హోల్డరులో ఎవరో ఒకే కాంటాక్టున్న 21 వాట్ల బల్బు దూర్చడం. ఆ బల్బు అడుగున ఒకే పెద్ద బొడిపె ఉంటుంది, అది రెండు పిన్నుల్నీ కలిపేస్తుంది. అసలైతే 21/5 బల్బు పక్క మేకులు ఒకటి పైన ఒకటి కింద ఉంటాయి, వేరేది దూరకూడదు. హోల్డరు అరిగిపోతే దూరుతుంది.

పాతబండి గారూ, బ్రేకు తొక్కించి ముందు పార్కింగ్ లైట్లు చూడండి. అవీ వెలిగితే నేను చెప్పిందే. పార్కింగ్ వేసినప్పుడు వెనక బ్రేకు లైట్లు రెండూ వెలుగుతున్నాయేమో కూడా చూడండి. అలా అయితే వెనకొచ్చే బండికి మీరు బ్రేకు వేసిందీ లేనిదీ తెలియదు, ముందు దీన్నే సరిచేయండి.

పాతబండి

ముందు లైట్లు కూడా వెలుగుతున్నాయి. పార్కింగ్ వేస్తే వెనక రెండు బ్రేకు లైట్లూ ఆన్. కుడి వెనక హోల్డరులో ఒకే బొడిపె ఉన్న బల్బు దొరికింది. 21/5 వేశాను, బ్రేకు సమస్య పోయింది.

ఎర్త్ పిన్ ఇప్పుడు 0.06. కుడివైపు మూడు బల్బులు బాగా వెలుగుతున్నాయి, బ్లూ లైటు లేదు, ముల్లులు కదలట్లేదు. ఎడమవైపు రెండు మాత్రం ఇంకా రావట్లేదు. ఆ బల్బులు కుడి హోల్డర్లలో వేస్తే వెలుగుతున్నాయి.

టంకంమాస్టారు

రెండూ కలిసి పోయాయంటే రెండింటికీ పోయే ట్రాక్ ఎక్కడో తెగింది. బోర్డు బల్ల మీద పెట్టి వెనక షీటుని లెన్సుతో చూడండి. కనెక్టర్ దగ్గర షీటు మడత పడే చోట, లేదా పిన్ను గుచ్చుకునే చోట సన్నటి గీతలా ఉంటుంది. కంటికి కనపడకపోతే మల్టీమీటరు బీప్ మోడ్‌లో ఒక తీగ కనెక్టర్ పిన్ మీద, ఇంకోటి హోల్డరు కింద రాగి మీద పెట్టి, షీటుని వేలితో మెల్లగా వంచండి.

ముందు హోల్డర్లు చూడండి, అవి తేలిక. పావు చుట్టు తిప్పితే వస్తాయి. వాటి రెండు లోహపు చెవులు రాగి మీద ఆనాలి. చదును అయిపోయి ఉంటే గోటితో కొంచెం పైకి లేపండి. రాగి మీద నల్లటి పొరని పెన్సిల్ రబ్బరుతో తుడవండి. గరుకు కాగితం ఇక్కడ వద్దు, ఆ రాగి కాగితం కన్నా పలచన.

ట్రాక్ తెగి ఉంటే: పగులుకి రెండు వైపులా 5 మిల్లీమీటర్లు పైన లక్కపొర బ్లేడు వీపుతో గీకండి, బ్లేడు అంచుతో కాదు. ఫ్లక్స్ రాసి, 25 వాట్ల టంకం కడ్డీతో రెండు చోట్లా పలచగా టంకం పూయండి. సన్నటి వైరులోంచి రెండు మూడు రాగి పోగులు తీసి పగులు మీద అడ్డంగా పెట్టి, ఒక్కో వైపు రెండు సెకన్లకి మించకుండా ఆనించండి. షీటు తేనె రంగులో ఉంటే వేడికి ఆగుతుంది. పారదర్శకంగా, నీలంగా ఉంటే పాలిస్టర్, అది ముడుచుకుపోతుంది, కాబట్టి దానికి టంకం పెట్టకండి. పోగుల్ని మధ్యలో కొంచెం వంపుగా వదలండి, లాగి కట్టినట్టు ఉంటే మళ్లీ తెగుతుంది. వెండి పెయింట్ పూసే పద్ధతి ఉంది, ఒక్క వార్నింగ్ బల్బుకి సరిపోతుంది, ఎర్త్ ట్రాక్‌కి మాత్రం వద్దు.

కనెక్టర్ పిన్నుల టంకం చుట్టూ ఉంగరంలా పగులు ఉందేమో కూడా చూడండి. గుంతల్లో లైట్లు కొట్టుకుంటూ, బోర్డు మీద తడితే సరైపోతుందంటే అదే. పాత టంకం పీల్చేసి కొత్తది వేయాలి, పైపైన కరిగిస్తే మళ్లీ వస్తుంది.

షార్ట్‌కట్

నా బండిలో లైట్లు వేసిన వెంటనే ఫ్యూజు పోతోంది. బోర్డు వెలుతురు లైనుకీ బాడీకీ మధ్య ఓమ్ మీటర్‌తో చూస్తే ఒక ఓమ్. షార్ట్ అయినట్టే కదా?

మీటర్‌డాక్టర్

కాదు. 3 వాట్ల బల్బు వేడిగా ఉంటే 48 ఓమ్‌లు, చల్లగా ఉంటే అందులో పదో వంతు. అలాంటివి ఐదు పక్కపక్కన ఉంటే ఒక ఓమే చూపిస్తుంది, అది ఆరోగ్యమైన సర్క్యూట్. బల్బులన్నీ తీసేశాక కూడా ఒక ఓమ్ ఉంటే అప్పుడు షార్ట్.

ఫ్యూజులు తగలేయకుండా వెతకాలంటే, ఫ్యూజు తీసి ఆ రెండు పిన్నుల మధ్య 21 వాట్ల బల్బు ఒకటి వైర్లతో తగిలించండి. పార్కింగ్ వేయండి. షార్ట్ ఉంటే ఆ బల్బు పూర్తి వెలుతురుతో వెలుగుతుంది, లైన్లో 1.75 ఆంపియర్‌కి మించి పారదు కాబట్టి ఏదీ మాడదు. అలా వెలుగుతుండగా ఒక్కో కనెక్టర్ ఊడదీస్తూ పోండి: నంబర్ ప్లేటు, వెనక లైట్లు, ఏష్ ట్రే బల్బు, హీటర్ కంట్రోల్ బల్బు, రేడియో వెలుతురు వైరు, చివరికి బోర్డు. ఏది తీస్తే మసకబారిందో షార్ట్ అటే. డిక్కీ మూత కీలు దగ్గర నలిగిన వైరు, రేడియో మార్చినప్పుడు బాడీకి తగిలించేసిన వెలుతురు వైరు, ఈ రెండూ మొదట చూడండి. 5 ఆంపియర్ల ఫ్యూజు పోతోందని 15 వేయడం మాత్రం వద్దు, అప్పుడు వైరే ఫ్యూజు అవుతుంది.

పాతబండి

షీటు మడతలో పగులు దొరికింది, పోగులతో అతికాను. ఐదూ వెలుగుతున్నాయి. డిమ్మర్ దగ్గర ఇప్పుడు 0.9 పోతోంది, అన్నట్టే.

మీటర్‌డాక్టర్

బ్యాటరీ మైనస్ తీసి, డిమ్మర్‌లో తీగ చుట్ట మీద కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆ చివర నుంచి ఈ చివరకి ఇరవై ముప్పై సార్లు తిప్పండి. 0.3 లోపు వస్తే చాలు. సగంలో పెట్టినప్పుడు అది వేడెక్కడం సహజం, పక్కన వైర్ల కట్ట ఆనకుండా చూడండి.

పాతబండి

0.2 వచ్చింది. ఇప్పుడు ఎల్‌ఈడీలు వేస్తే బాగుంటుందా? వార్నింగ్ లైట్లతో సహా.

టంకంమాస్టారు

వెలుతురుకి వేసుకోవచ్చు, ఇబ్బందులు తెలిసి. ప్లస్ మైనస్ తిరగబడితే వెలగదు, హోల్డరు అర చుట్టు తిప్పి పెట్టాలి. ఐదు కలిపి 0.1 ఆంపియర్ కూడా లాగవు కాబట్టి ఆ పాత తీగ డిమ్మర్ పనిచేయదు, ఎటు తిప్పినా ఒకే వెలుతురు. బల్బు మీద ఆకుపచ్చ టోపీ ఉంటే తెల్ల ఎల్‌ఈడీ రంగు పాలిపోయి కనిపిస్తుంది.

ఛార్జింగ్ లైటు మాత్రం ముట్టుకోకండి. ఇగ్నిషన్ వేయగానే ఆల్టర్నేటర్ ఫీల్డ్‌కి మొదటి కరెంటు ఆ బల్బు గుండానే పోతుంది. ఎల్‌ఈడీ వేస్తే అది చాలదు, ఇంజన్ రేస్ చేసేదాకా ఛార్జింగ్ మొదలవదు, ఒక్కోసారి అసలు కాదు. తప్పదంటే ఎల్‌ఈడీకి పక్కన 68 ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ కట్టాలి, అది సుమారు 2 వాట్ల బల్బుకి సమానం. బోర్డులో కుడి ఎడమలకి కలిపి ఒకే ఇండికేటర్ లైటు ఉంటే అదీ వద్దు. దానికి విడిగా ఎర్త్ ఉండదు, కుడి కొట్టినప్పుడు ఎడమ బల్బుల గుండా, ఎడమ కొట్టినప్పుడు కుడి బల్బుల గుండా బాడీకి పోతుంది. కరెంటు దిక్కు మారుతూ ఉంటుంది కాబట్టి ఎల్‌ఈడీ ఒక వైపుకే వెలుగుతుంది.

పాతబండి

ఆయిల్ ప్రెషర్ లైటు?

టంకంమాస్టారు

పనిచేస్తుంది, కానీ ఆయిల్ స్విచ్ లోపల కొంచెం లీక్ ఉన్నా ఎల్‌ఈడీ సన్నగా వెలుగుతూనే ఉంటుంది, బల్బు అయితే అంత తక్కువ కరెంటుకి వెలగదు. అలా వెలుగుతుంటే అలవాటై, నిజంగా ప్రెషర్ పడిపోయిన రోజు పట్టించుకోరు. బల్బే ఉంచండి. ఇగ్నిషన్ వేసి ఇంజన్ స్టార్ట్ చేయకముందు అది వెలగకపోతే, స్విచ్ వైరు ఊడదీసి ఇంజన్ బ్లాక్‌కి ఆనించండి. వెలిగితే స్విచ్ పోయింది, వెలగకపోతే బల్బు గానీ వైరు గానీ.